పాలకొల్లు మాండొలిన్, మళ్లీ కలిసిన శక్తి

అరవైల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కో, లండన్ నగరాల్లో పుట్టిన సైకడెలిక్ రాక్ బృందాలు స్టూడియోలో మూడు నిమిషాల్లో తేల్చేసిన పాటను వేదిక మీద ఇరవై నిమిషాలు వాయించేవి. గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్ల 'డార్క్ స్టార్' 1968లో విడి రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాలైనా లేదు. మరుసటి ఏడు వచ్చిన 'లైవ్/డెడ్' ఆల్బమ్‌లో అదే పాట ఇరవై మూడు నిమిషాలు నడిచింది. ఒకే ఆధార శ్రుతిని పట్టుకుని, ఒకరు అన్నదానికి ఇంకొకరు బదులిస్తూ, ఎటు పోతున్నదీ వాయిస్తూనే తేల్చుకునే పద్ధతి అది. కచేరీలు విని పెరిగిన తెలుగు చెవికి ఇందులో వింతేమీ లేదు.

ఆ తరం బృందాలు చాలావరకు విడిపోయాయి. తల నెరిశాక కొన్ని మళ్లీ కలిసి లైవ్ ఆల్బమ్‌లు తెచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం పాత పాటలూ, పాత అభిమానుల చప్పట్లూ. వినగానే మరిచిపోతాం. అదే తరంలో, రాక్ పక్కనే పుట్టిన 'శక్తి' కథ వేరు. విడిపోయి ఇరవై ఏళ్ల తర్వాత కలిసిన ఆ బృందం తొలినాళ్లను మించిన సంగీతం వాయించింది. అందుకు పెద్ద కారణం పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ అని నా నమ్మకం.

శక్తిని మొదలుపెట్టిన జాన్ మెక్‌లాఫ్లిన్ ఆంగ్లేయుడు. మైల్స్ డేవిస్ 'బిచెస్ బ్రూ'లో గిటార్ వాయించాడు. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి చెవులు దద్దరిల్లే ఎలక్ట్రిక్ సంగీతం వినిపించాడు. అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాక దారి మార్చాడు. ఎల్. శంకర్ వయొలిన్, జాకీర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం, రామ్‌నాడ్ రాఘవన్ మృదంగం తోడుగా 1975 జులైలో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో వాయించిన కచేరీయే వాళ్ల మొదటి ఆల్బమ్. అంటే పుట్టుకే లైవ్. వీణలోలా తీగను లాగి గమకం పలికించడానికి వీలుగా మెక్‌లాఫ్లిన్ తన గిటార్ మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించుకున్నాడు, అనునాదానికి అదనపు తీగలు అడ్డంగా కట్టించుకున్నాడు. 1978కల్లా బృందం విడిపోయింది.

1997లో ఇంగ్లండ్ పర్యటన కోసం మళ్లీ కలిసినప్పుడు ఎల్. శంకర్ రాలేదు, హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో వచ్చారు. అప్పటి కచేరీలే 'రిమెంబర్ శక్తి' పేరుతో 1999లో జంట సీడీలుగా వెలువడ్డాయి. అందులో 'ముక్తి' ఒక్కటే గంట పైన ఉంటుంది. తీరిగ్గా సాగే అందమైన సంగీతమే, కానీ శక్తి అసలు గుణమైన చురుకైన వాదులాట అందులో తక్కువ. అది శ్రీనివాస్ వచ్చాక తిరిగి వచ్చింది.

శ్రీనివాస్ పెరిగిన తీరు ఇక్కడ చెప్పుకోవాలి. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ను పిల్లవాడు ఆరేళ్ల వయసులో పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది విన్నట్టు తీగ మీద పలికించేవాడు. వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేరు, చూసి నేర్చుకోవడానికి ముందున్న బాణీ లేదు. విని, ఆ క్షణమే బదులివ్వడమే అతని చదువు. గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో 1978లో తొలి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్లు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి పద్నాలుగు.

మామూలు మాండొలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా ఉంటాయి. మీటిన స్వరం ఇట్టే ఆరిపోతుంది. జత తీగల్ని కలిపి పక్కకు లాగితే రెండూ ఒకే శ్రుతిలో కదలవు. గమకం లేనిదే కర్ణాటక రాగం లేదు కాబట్టి ఆ వాద్యం మన సంగీతానికి పనికిరాదని పెద్దలు అనుకోవడంలో తప్పు లేదు. శ్రీనివాస్ జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు కట్టాడు, ఎలక్ట్రిక్ పికప్‌తో స్వరానికి ఆయుష్షు పెంచాడు. ఒక్కసారి మీటి, ఆ నాదం ఆరేలోపు ఎడమచేతి వేళ్లతో మెట్ల మీద జార్చి, లాగి, నాలుగైదు స్వరాలు అందులోంచే తీసేవాడు. రాక్ గిటారిస్టులు ఏ విద్యుత్తుతో హోరు పుట్టించారో, ఆ విద్యుత్తునే ఇతను గొంతులాంటి పలుకు కోసం వాడాడు.

దీన్ని చెవితో తేల్చుకోవాలంటే 'లోటస్ ఫీట్' మూడుసార్లు వినాలి. 1975లో వయొలిన్‌తో, 1997లో వేణువుతో, 1999 యూరప్ కచేరీల నుంచి 2000లో వచ్చిన 'ద బిలీవర్'లో మాండొలిన్‌తో. కమాను ఉన్నంతసేపు వయొలిన్ స్వరం నిలుస్తుంది, ఊపిరి ఉన్నంతసేపు వేణువు పలుకుతుంది. మాండొలిన్‌కు ఆ రెండు సౌకర్యాలూ లేవు. స్వరాల మధ్య ఖాళీని శ్రీనివాస్ ఎలా కలిపాడో గమనించండి.

ఇక లయ. ఆది తాళం ఆవర్తంలో ఎనిమిది దెబ్బలు, దెబ్బకు నాలుగు చొప్పున 32 మాత్రలు. 'తదిగిణతొం' అనే ఐదు మాత్రల ముక్కను మూడుసార్లు, నడుమ రెండేసి మాత్రలు విడిచి వాయిస్తే 19 మాత్రలవుతుంది. మూడు దెబ్బలు పోనిచ్చి ఇంకొక్క మాత్ర ఆగి ఎత్తుకుంటే సరిగ్గా ఆవర్తం చివర ముగిసి, తర్వాతి దెబ్బ సమం మీద, అంటే కొత్త ఆవర్తం మొదట్లో, పడుతుంది. ఇది చిన్న తీర్మానం. శక్తి కచేరీల్లో గిటార్, మాండొలిన్ ముందు ఆవర్తాలకు ఆవర్తాలు మార్చి మార్చి వాయించి, తర్వాత ఒకటి, అర, పావు, చివరికి రెండు మూడు స్వరాల దాకా కుదించుకుంటూ వస్తాయి. ఎవరు ఎక్కడ ఆపారో తెలియనంత దగ్గరయ్యాక నలుగురూ కలిసి ఇలాంటి తీర్మానంతో సమం మీద దిగుతారు. నోటుల కాగితాలు ముందు పెట్టుకుంటే ఈ పని జరగదు. ఎదుటివాడిని వినడమే దీనికి ఆధారం.

తండ్రి వినాయక్‌రామ్ స్థానంలో వచ్చిన సెల్వగణేశ్ కంజిరా కూడా అంతే ముఖ్యం. ఉడుము చర్మం బిగించిన ఆ చిన్న వాద్యాన్ని నీటితో తడిపి, పట్టుకున్న ఎడమచేతి వేళ్లతో నొక్కుతూ శ్రుతిని పైకీ కిందికీ వంచుతాడు. జాకీర్ తబలా బాయాతో అది మాట్లాడే చోట్లు 'ద బిలీవర్' ప్రాణం.

2000 డిసెంబరు ముంబయి కచేరీల నుంచి మరుసటి ఏడు 'సాటర్డే నైట్ ఇన్ బాంబే' వచ్చింది. అతిథులు మరీ ఎక్కువైపోయి బృందం పలచబడిందనిపిస్తుంది నాకు. కానీ అందులో 'గిరిరాజ్ సుధ' ఉంది. త్యాగరాజస్వామి బంగాళ రాగ కీర్తన 'గిరిరాజసుతా తనయ'ను శ్రీనివాస్ ఈ బృందానికి తగినట్టు మలిచాడు, శంకర్ మహదేవన్ పాడాడు. గుడివాడ ఉత్సవాల్లో మొదలైన ప్రయాణం త్యాగరాజును వదలకుండానే అంత దూరం వెళ్లింది.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్లకే పోయాడు. శక్తి మరోసారి కూడి 2023లో 'దిస్ మొమెంట్' తెచ్చి, మరుసటి ఫిబ్రవరిలో గ్రామీ అందుకుంది. అందులో గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ ఉంది, మాండొలిన్ లేదు. 2024 డిసెంబరులో జాకీర్ కూడా వెళ్లిపోయారు.

ఇవన్నీ వినాలన్నా, మేముండే అండమాన్‌లో 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చేదాకా, నెట్‌లో గంట కచేరీని తెగకుండా వినడం గగనమే. ఇప్పుడు ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. కాబట్టి శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) తెలుగువాళ్లను, ముఖ్యంగా పిల్లలకు సంగీతం చెప్పిస్తున్న తల్లిదండ్రులను అడిగేది ఒకటే. ముందు 'గిరిరాజసుతా తనయ' మంచి విద్వాంసుల గొంతులో వినిపించండి. తర్వాత ముంబయి కచేరీ పెట్టండి. ఆపైన 'ద బిలీవర్' మొదటి నుంచి చివరిదాకా, చేత్తో తాళం వేసుకుంటూ వినండి.