గేర్లు లేని సైకిల్: మన నేల ఎరిగిన బండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఒకదానికొకటి ఎంతో దూరం కావు. నేల మాత్రం మూడు తీర్లు. సూర్యాపేట చుట్టూ ఎర్రమట్టి, మొరం, రాతిగుట్టలు. కోదాడ నుంచి హుజూర్‌నగర్ వైపు పోతే సున్నపురాయి నేల, సిమెంటు లారీలు తిరిగి తిరిగి చెడిన బాటలు. మిర్యాలగూడ పక్క నాగార్జునసాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు, ఎటు చూసినా వరి మడులు, కాల్వ కట్టలు, రైసు మిల్లులు. తారు రోడ్డు దిగితే బండ్ల బాట, బాట దాటితే పొలం గట్టు. ఇన్ని రకాల నేల మీద తరాలుగా తిరిగిన బండి గేర్లు లేని సైకిల్.

ఇప్పుడు పెద్ద నగరాల్లో కొందరు సైకిల్ ప్రియులు లావు టైర్లు, ఒకే గేరు ఉన్న కొండ సైకిళ్ళను కోరి కట్టించుకుంటున్నారు. అది బయటినుంచి వచ్చిన కొత్త సరదా అనుకోనక్కర్లేదు. అలాంటి బండి కట్టడానికి కావలసిన పనిముట్లు, పనితనం, విడి భాగాలు మన మండల కేంద్రాల్లో ఏనాటినుంచో ఉన్నాయి. వాటిని గుర్తించి మళ్ళీ వాడుకోవాలన్నదే నా మాట.

స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది ఏళ్ళకే దేశంలో సైకిల్ ఫ్యాక్టరీలు లేచాయి. మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. హెర్క్యులెస్, అట్లాస్, హీరో పేర్లతో ఆ నల్లని బరువైన బళ్ళు మన ఊళ్ళకు చేరాయి. 1967లో సాగర్ కాల్వలకు నీళ్ళు వదిలాక వరి పెరిగింది, మిర్యాలగూడలో మిల్లులు వెలిశాయి, వాటి వెంట సైకిళ్ళకూ పని పెరిగింది. పాలక్యాన్లు, కల్లు లొట్లు, బియ్యం సంచులు, బడిపిల్లలు, అన్నీ ఆ క్యారేజీ మీదే కదిలాయి. తెలంగాణ సాయుధ పోరాట నాయకుల్లో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు కూడా సైకిల్ మీదే వెళ్ళారు. తర్వాతి తరంలో రేంజర్ లాంటి 26 అంగుళాల లావు టైర్ల బళ్ళు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగానికి గేర్లు ఉండవు. అంటే ఒకే గేరు కొండ సైకిల్ మన బడిపిల్లల చేతుల్లో ఎప్పుడో ఉంది.

కొండ సైకిల్ పుట్టిన కథ కూడా ఇలాంటిదే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని మారిన్ కౌంటీ యువకులు 1970ల్లో పాత ష్విన్ సైకిళ్ళను పాత సామాన్ల దుకాణాల నుంచి తెచ్చి, లావు టైర్లు వేసి, కొండ దిగడానికి వాడారు. వాటిలో చాలావాటికి ఒకటే గేరు, పెడల్‌ను వెనక్కి తొక్కితే పడే బ్రేకు. 1976లో మొదలైన రీప్యాక్ పందేనికి ఆ పేరు ఊరికే రాలేదు. ఒక్కసారి కొండ దిగేసరికి హబ్బులోని గ్రీజు కాలిపోయి, మళ్ళీ నింపాల్సి వచ్చేది. తర్వాత గేర్లు చేరాయి, 21 అయ్యాయి, 24 అయ్యాయి, ఇంకా పెరిగాయి. 1990ల్లో అమెరికాలోనే కొందరు ఆ భారం వద్దనుకుని ఒకే గేరుకు తిరిగొచ్చారు. బురద, రాయి, ముల్లు ఉన్న చోట తక్కువ భాగాలున్న బండి ఎక్కువ కాలం నడుస్తుందని వాళ్ళు తొక్కి తెలుసుకున్నారు.

ఇక బండి కట్టే పద్ధతి. మొదట తేల్చుకోవలసింది పళ్ళ లెక్క. ముందు చైన్‌వీల్‌కు 44 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్ళు ఉన్న పాత 28 అంగుళాల బండిని తీసుకుందాం. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండున్నర చుట్లకు కాస్త తక్కువ తిరుగుతుంది. బండి దాదాపు 5.5 మీటర్లు ముందుకు పోతుంది. తారు రోడ్డు మీద ఇది హాయిగా ఉంటుంది. సూర్యాపేట దగ్గరి ఉండ్రుగొండ గుట్టల వైపు ఎక్కుడు బాటలో మోకాళ్ళు పట్టేస్తాయి. ఫ్రీవీల్ మార్చి 20 పళ్ళది వేస్తే చుట్టుకు 4.9 మీటర్లు, 22 పళ్ళదైతే సుమారు 4.5 మీటర్లు. దూరం తగ్గినకొద్దీ కాలి మీద బరువు తగ్గుతుంది. 26 అంగుళాల లావు టైరు బండికి ముందు పళ్ళు వెనక పళ్ళకు రెట్టింపు ఉండేలా, అంటే 36కు 18 లెక్కన పెట్టుకుంటే మట్టి బాటకు మంచి మొదలు. అప్పుడు చుట్టుకు 4 మీటర్లకు పైన వస్తుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 15 కిలోమీటర్ల దాకా పోవచ్చు.

పాత ఫ్రీవీల్ ఊడదీయడమే ఇందులో కష్టం. తొక్కిన ప్రతిసారీ అది మరకు ఇంకా బిగుసుకుంటుంది కాబట్టి ఏళ్ళ తరబడి తొక్కిన బండికి మొండికేస్తుంది. తెలిసిన మెకానిక్ ఫ్రీవీల్ తీసే పానాను వైసులో బిగించి, దాని మీద చక్రాన్నే పట్టుకుని ఎడమకు తిప్పుతాడు. చక్రమంత పొడవైన పట్టు దొరుకుతుంది కాబట్టి మర వదులుతుంది. కొత్తది వేసేముందు మరకు గ్రీజు రాస్తే మళ్ళీ తీయడం తేలిక.

రెండోది చైను. ముందు పళ్ళు, వెనక పళ్ళు ఒకే గీతలో ఉండాలి. పక్కకు వంగి నడిచే చైను చప్పుడు చేస్తుంది, పళ్ళను తినేస్తుంది, అదునుచూసి ఊడిపోతుంది. గేర్ల బండిలో చైను చాలా గేర్లలో పక్కకు వంగే నడుస్తుంది. ఒకే గేరులో అది తిన్నగా నడుస్తుంది, పైగా వెడల్పైన గట్టి చైను వేసుకోవచ్చు. బిగువు చూడాలంటే చైను మధ్యలో వేలు పెట్టి పైకీ కిందికీ ఆడించాలి. అర అంగుళం ఆడితే సరి. చైన్‌వీల్ ఎప్పుడూ నూటికి నూరు పాళ్ళు గుండ్రంగా ఉండదు. అందుకే పెడల్ నెమ్మదిగా తిప్పుతూ ఎక్కడ బిగుతుగా ఉందో అక్కడే ఈ అర అంగుళం చూసుకోవాలి. పాత బళ్ళలో వెనక ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా ఉంటుంది కాబట్టి చక్రాన్ని వెనక్కి జరిపితే చైను బిగుస్తుంది. గేర్ల బండిని ఒకే గేరుకు మార్చేవారు ఇది ముందే చూసుకోవాలి. వాటిలో చాలావాటికి గాడి నిలువుగా ఉంటుంది. చక్రం జరగదు, చైనును బిగించే విడి భాగం కావాలి. చైను అరుగుదల తెలుసుకోవడానికి అడుగు స్కేలు చాలు. కొత్త చైనులో పన్నెండు అంగుళాలకు సరిగ్గా 24 లింకులు పడతాయి. అదే 24 లింకులు పన్నెండు అంగుళాల మీద, అంగుళంలో పదహారో వంతు దాటి సాగితే చైను మార్చాలి. లేకపోతే పళ్ళు కూడా పోతాయి.

మూడోది చక్రం. మన సైకిల్ షాపుల అసలు పనితనం ఇక్కడే కనిపిస్తుంది. రిమ్ముకు బెండు వస్తే మెకానిక్ చక్రాన్ని తిప్పి సుద్దముక్క ఆనిస్తాడు. గుర్తు పడిన చోట రిమ్ము కుడికి వంగితే ఎడమ పక్క ఊచలు బిగిస్తాడు, కుడివి వదులు చేస్తాడు. ఊచ కొసనున్న ఒక్కో నిప్పిలు పావు చుట్టు, అంతకన్నా ఎక్కువ కాదు. చివర ఊచల్ని వేళ్ళతో మీటి వింటాడు. ఒక పక్క ఊచలన్నీ దగ్గర దగ్గర శ్రుతిలో పలికితే బిగువు సమంగా ఉన్నట్టు. గేర్ల బండి వెనక చక్రంలో పళ్ళచక్రాల దొంతరకు చోటివ్వాలి కాబట్టి ఒక పక్క ఊచలు నిటారుగా, మరో పక్కవి వాలుగా ఉంటాయి, బిగువులో తేడా వస్తుంది. ఒకే గేరు చక్రంలో రెండు పక్కలా బరువు దాదాపు సమంగా పడుతుంది. గుంతల బాటలో అది గట్టిగా నిలబడటానికి కారణం అదే.

టైర్ల సంగతికొస్తే మన దారుల శత్రువులు సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు. పంచరు వేసేటప్పుడు ట్యూబుకు అతుకు వేసి ఊరుకోకూడదు. టైరు లోపల వేళ్ళతో తడిమి విరిగిన ముల్లు మొనను తీయాలి. లేదంటే అదే చోట మళ్ళీ గుచ్చుకుంటుంది. లావు టైరులో 30 నుంచి 40 పౌన్ల గాలి ఉంటే మొరం మీద పట్టు బాగుంటుంది. అంతకు తగ్గితే రాయి తగిలినప్పుడు ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. ఒక విషయంలో మాత్రం పాత బండిని నమ్మొద్దు. ఇనుప రిమ్ము మీద కడ్డీ బ్రేకు వానలో సరిగా పట్టదు. గుట్టలు దిగాలనుకుంటే అల్యూమినియం రిమ్ముతో పాటు తీగ బ్రేకు వేయించుకోవాలి.

తొక్కడంలోనూ ఒక విద్య ఉంది. గేరు మార్చే వీలు లేదు కాబట్టి దారిని ముందే చదవాలి. ఎక్కుడు ఇంకా రాకముందే వేగం కూడగట్టుకోవాలి. సీటు మీదినుంచి లేచి, ఏ కాలు తొక్కితే ఆ పక్క హ్యాండిల్‌ను మీదికి లాగాలి. ఇసుకలోనూ వదులు మొరంలోనూ లేచి తొక్కితే వెనక చక్రం జారుతుంది. అక్కడ కూర్చునే, ఆపకుండా, సమంగా తొక్కాలి. దిగుడులో కాళ్ళకు విశ్రాంతినిచ్చి పెడళ్ళను నేలకు సమాంతరంగా ఉంచితే రాయికి తగలవు. కాల్వ కట్ట మీద నీటి అంచుకు దూరంగా ఉండాలి. కోతల కాలంలో ట్రాక్టర్లు, కోత యంత్రాలు ఎదురొస్తాయి కాబట్టి తెల్లవారుజామున చూపు ఆనకముందే బయలుదేరొద్దు.

దీనికి హద్దులు లేవని అనను. ఘాట్ రోడ్లకు, రోజంతా ఎదురుగాలిలో చేసే ప్రయాణానికి, మోకాళ్ళ నొప్పులున్నవారికి గేర్లు మేలు చేస్తాయి. కానీ పొలానికి, బడికి, పక్క ఊరికి, గుట్టల దాకా పోయి రావడానికి ఒకే గేరు సరిపోతుంది. చెడిపోవడానికి అందులో ఉన్నవే తక్కువ భాగాలు. ఉన్నవి కూడా మండల కేంద్రంలో దొరుకుతాయి. బాగు చేసే మనిషి అక్కడే ఉంటాడు. తొక్కేవాడు కూడా తన బలం, తన దారి, తన బండి ఏమిటో నేర్చుకుంటాడు.

2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీ ఉత్పత్తి ఆపేసింది. ఫ్యాక్టరీ పోయినా ఆ బళ్ళు ఇంకా మన పెరళ్ళలో, కొట్టాల్లో ఆనించి ఉన్నాయి. వాటిని పాత ఇనుముకు వేయకండి. దగ్గరి సైకిల్ షాపుకు తీసుకెళ్ళి, 20 పళ్ళ ఫ్రీవీలు, కొత్త చైను, మంచి బ్రేకులు వేయించండి. పని జరిగేటప్పుడు మీ పిల్లల్ని పక్కన నిలబెట్టి చూడనివ్వండి. ఆ మెకానిక్‌కు అడిగిన కూలి ఇవ్వండి. ఆ విద్య బతికితేనే ఆ బండి బతుకుతుంది.