ఆపద కబురు - చోటు లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల రక్షణకై 2020 ఫిబ్రవరిలో దిశ యాప్, 2025 మార్చి 8న శక్తి యాప్ వెలువడినవి. దిశలో మీట నొక్కినా, ఫోనును గట్టిగా ఊపినా పోలీసు కేంద్రానికి కబురు పోయేది. ఊపిన కుదుపును ఫోనులోని త్వరణమాపకం పసికడుతుంది. అంకెలు నొక్కే వ్యవధి లేనివారికి ఇది మెచ్చదగిన ఏర్పాటే.

అయితే కబురు అందగానే సరిపోదు, చోటు తెలియాలి గదా! ఆరుబయట కనీసం 4 ఉపగ్రహాల సంకేతాలు దొరికితే ఫోను తన స్థానాన్ని కొద్ది మీటర్ల తేడాతో లెక్క కట్టగలదు. కాంక్రీటు కప్పు క్రింద ఆ సంకేతాలు సన్నగిల్లుతవి. అప్పుడు సెల్ టవరే ఆధారం. పల్లెపట్టున తేడా కిలోమీటర్లకు పెరగవచ్చు.

కుప్పం సంగతి చూడండి. ఇటు తమిళనాడు, అటు కర్ణాటక. రేడియో తరంగాలకు పొలిమేరలు లేవు. ఎల్లకు ఆవలి టవరును ఫోను పట్టుకుంటే 112 పిలుపు పొరుగు రాష్ట్రానికి పోయే వీలున్నది. యాప్ కబురు ఇంటర్నెట్ ద్వారా నేరుగా మన కేంద్రానికే చేరుతుంది. ఇది దాని మేలు. కాని బాధితురాలే ఎల్ల దాటివుంటే ఆ కబురును తిరిగి పొరుగువారికి అందించాలి. ఆ జాప్యమే ప్రమాదం.

కాబట్టి యాప్ విలువను పిలుపుకూ పోలీసుల రాకకూ నడుమ గడచిన నిమిషాలతో కొలవాలి. ఆ లెక్కను స్టేషనువారీగా ప్రజల ముందుంచాలి.