కొమ్మా, తీగా

ఈ వారం ఒక హస్తకళల ప్రదర్శనలో నాకు ఒళ్లు మండింది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం వందేళ్ల పేరు చెప్పి అది ఉన్న విశాఖ వాల్తేరు దృశ్యాల బొమ్మలు అమ్ముతున్నారు. నల్లకాగితం కోసి, అద్దం కట్టి, పక్కన ‘చేతిపని’ అని చీటీ. దగ్గరికెళ్లి చూస్తే కాగితం వెనకవైపు అంచుల్లో సన్నటి గోధుమరంగు మాడు. కత్తి కోస్తే కాగితం మాడదు. అది లేజర్ పని.

 

నేనూ ఇలా నల్లకాగితంలో వాల్తేరుని కోస్తుంటాను. అక్కడ చదువుకున్న పాపానికి! పనిముట్లు పెద్దగా అక్కర్లేదు, సన్న కట్టరూ కొత్త బ్లేళ్లూ చాలు. లోపలి చిన్న రంధ్రాలు ముందు, బయటి అంచు చివర. వంపు దగ్గర చెయ్యి తిప్పకూడదు, కాగితం తిప్పాలి. ఇదంతా త్వరగానే పట్టుబడుతుంది. పట్టుబడనిది ఒకటుంది: ఈ పనిలో ఏదీ దేన్నీ అంటకుండా నిలవదు. ఎక్కడా అంటుకోని ముక్క రాలి బల్లమీద పడుతుంది. నిమ్మలకుంట తోలుబొమ్మల్లో నగల కోసం కొట్టిన రంధ్రాలు చూసి మనం మురిసిపోతాం. రంధ్రానికీ రంధ్రానికీ నడుమ మిగిల్చిన తోలుని చూడండి, నేర్పంతా అక్కడుంది.

జ్ఞాపకాలకి ఆ అతుకు ఉండదు. సిరిపురం, చినవాల్తేరు టీకొట్టు, దూరాన డాల్ఫిన్స్ నోస్ కొండ, అన్నీ దేనికది విడివిడిగా గుర్తొస్తాయి. సముద్రంతో ఇంకా చిక్కు. బొమ్మలో అదీ కోసి తీసేసిన ఖాళీయే, పైన ఆకాశమూ ఖాళీయే. ఇక పున్నమినాడు నీళ్లలోంచి లేచే చందమామ ఉందే, దాన్ని ఏదో ఒకటి పట్టుకోవాలి. ఆకాశాన్ని నల్లగా వదిలేసి చందమామనే రంధ్రం చేయొచ్చు కదా అంటారు. చేస్తే కొండా ఆకాశమూ ఒకే నలుపైపోయి కొండ మాయమవుతుంది. అందుకని నేనెప్పుడూ క్యాంపస్ చెట్టు కొమ్మ ఒకటి సాగదీసి చందమామకి ఆనిస్తాను. పడమటి గట్టుమీది చెట్టు తూర్పు సముద్రం దాకా చెయ్యి చాపుతుందన్నమాట. నిజంగా అక్కడ అలాంటి కొమ్మ లేదు. బొమ్మకి కావాలి కాబట్టి ఉంది.

ఆ లేజర్ బొమ్మలో చెట్టే లేదు. చందమామ కరెంటు తీగకి వేలాడుతోంది! ముందు ఎంత మోటు అనుకున్నాను. తర్వాత 2014 అక్టోబరు 12 గుర్తొచ్చింది. ఆరోజు హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లని వేళ్లతో సహా పెరికేసింది. నేను కోసే కొమ్మలన్నీ అంతకు ముందువి. ఈ బొమ్మ గీసినవాళ్లు బహుశా ఆ తర్వాత చదువుకున్నారు. వాళ్లు తలెత్తితే కనబడింది తీగే. కోసింది యంత్రమే కావచ్చు, ఎక్కడ అతుకు మిగల్చాలో మాత్రం అక్కడ తిరిగిన కళ్లే చెప్పాయి. నా కొమ్మ కన్నా ఆ తీగే నిజం.

చీటీ మార్చమని కొట్టువాళ్లకి చెప్పి, బొమ్మ కొనుక్కున్నాను. తుపాను తర్వాత విశాఖలో చాలాచోట్ల ఆ తీగల్నీ నేలలోకి దింపేశారు. ఇప్పుడు చదువుతున్న పిల్లలు రేపు ఈ పని మొదలుపెడితే సెల్ టవరు వెతుక్కోవాలి.