దిగని తీరం, చదివిన పత్రం: మార్క్ ట్వెయిన్ పసిఫిక్ యాత్రాకథనం – పరిశీలన

వ్యాససంగ్రహం

మార్క్ ట్వెయిన్ 1897లో ప్రచురించిన ‘ఫాలోయింగ్ ది ఈక్వేటర్’ గ్రంథంలోని పసిఫిక్ ద్వీపాల భాగాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యాత్రాసాహిత్యానికి ప్రత్యక్షదర్శనమే ప్రధాన ప్రమాణమన్న భావన ఈ గ్రంథం విషయంలో నిలవదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, పసిఫిక్ ద్వీపాలు, ఒప్పంద కూలీలు, వలసవాదం, వ్యంగ్యం.

1. ఉపోద్ఘాతం

యాత్రారచనకు విలువకట్టేటప్పుడు రచయిత ఆ ప్రదేశాన్ని స్వయంగా చూశాడా, అక్కడ ఎంతకాలం ఉన్నాడు అనే ప్రశ్నలు ముందుగా వస్తాయి. సుదీర్ఘ నౌకాయానానికి ఈ కొలమానం చాలదు. అందులో రోజుల తరబడి సముద్రమే ఉంటుంది. రేవులో దొరికే విరామం స్వల్పం. అప్పులు తీర్చడానికి 1895లో ప్రపంచ ఉపన్యాసయాత్ర చేపట్టిన ట్వెయిన్, ఆగస్టులో కెనడా పడమటి తీరం నుంచి ‘వారిమూ’ ఓడలో ఆస్ట్రేలియాకు బయలుదేరాడు. పసిఫిక్ ద్వీపాలు అతనికి ఈ స్థితిలోనే ఎదురయ్యాయి.

2. హవాయి: రెండు దర్శనాలు

హవాయి ట్వెయిన్‌కు కొత్త కాదు. 1866లో ‘శాక్రమెంటో యూనియన్’ పత్రిక విలేకరిగా అక్కడ నాలుగు నెలలు గడిపాడు. ఆనాటి లేఖల్లో చెరకుతోటల లాభాలను లెక్కగట్టి, చౌకగా దొరికే చైనా కూలీల శ్రమను కాలిఫోర్నియాకు ఆదర్శంగా చూపాడు. ద్వీపంలో తిరిగిన కాలం ఎక్కువే. చూపు మాత్రం తోట యజమానిది.

29 ఏళ్ల తరువాత ఓడ హోనలూలూ ఎదుట లంగరు వేసింది. పట్టణంలో కలరా వ్యాపించినందున అతడు దిగలేకపోయాడు, ఉపన్యాసం రద్దయింది. డెక్ మీది నుంచి కనిపించిన కొద్దిపాటి దృశ్యం తరువాత కథనం జ్ఞాపకం వైపు, చరిత్ర వైపు మళ్లుతుంది. కమెహమెహా వంశం, మొలొకాయి కుష్ఠురోగుల నివాసం ఇందులో చోటుచేసుకుంటాయి. దిగలేకపోవడం వల్ల వర్ణన తగ్గింది, ఆలోచన పెరిగింది.

3. కనకాల అధ్యాయాలు

ఈ పరిణామం పూర్తిగా కనిపించేది క్వీన్స్‌లాండ్ చెరకుతోటలకు తరలించిన ద్వీపవాసుల గురించి రాసిన అధ్యాయాల్లో. ‘కనకా’ అంటే హవాయి భాషలో మనిషి. తోటల్లో అది కూలీకి పేరైంది. 1863 నుంచి 1904 వరకు సాగిన ఈ తరలింపులో సుమారు 62,000 ఒప్పందాలు జరిగాయి. ఆ కూలీల స్వస్థలాల్లో దిగకుండానే ట్వెయిన్ రెండు రచనలను ఎదురెదురుగా నిలిపాడు. ఒకటి కూలీలను ఓడల్లో చేరవేసిన కెప్టెన్ వాన్‌ది. మరొకటి న్యూ హెబ్రిడీస్‌లో పనిచేసిన మిషనరీ విలియం గ్రేది. వ్యాపారి మాటల్లోని అసంగతాలను అతనిచేతనే బయటపెట్టించి, మరణాల రేటును పోల్చి చూపాడు. ఇక్కడ హాస్యం సాక్ష్యాన్ని పరీక్షించే పద్ధతిగా మారింది. 1866లో లాభంగా కనిపించిన చౌక శ్రమ ఇప్పుడు ప్రాణనష్టంగా కనిపించింది.

అయితే పరిమితి కూడా ఇక్కడే ఉంది. వాదప్రతివాదులిద్దరూ తెల్లవారే. కూలీ తన మాటగా ఎక్కడా వినిపించడు.

4. ఫిజీ: చూసిన ద్వీపం

సువాలో ట్వెయిన్ ఒడ్డుకు దిగాడు. పూలపొదలు, కొండదారులు, గవర్నరు నివాసం, స్థానిక నాయకుని ఠీవి ఆ పుటల్లో అందంగా అమరాయి. కానీ 1879 నుంచే భారతీయ ఒప్పంద కూలీలు ఫిజీ తోటలకు చేరుతున్నారు. 1916 నాటికి వారి సంఖ్య సుమారు 60,000 అయింది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు. కనకాల విషయంలో చేసిన విచారణ వంటిది ఫిజీ భాగంలో లేదు. కంటిముందున్న సౌందర్యం ప్రశ్నకు అవకాశమివ్వలేదు.

5. ముగింపు

నాలుగు నెలల నివాసం తోట లాభాన్ని చూపింది. స్వల్ప విరామం దృశ్యాన్ని చూపింది. దిగని ద్వీపాల గురించి చదివిన పత్రాలు శ్రమదోపిడిని చూపాయి. కనుక యాత్రారచన ప్రామాణ్యాన్ని బస చేసిన రోజులతో కొలవడం పొరపాటు. ఆ తీరంలో ఎవరు ఎవరికోసం పనిచేస్తున్నారన్న ప్రశ్న రచయిత అడిగాడా లేదా అన్నది గీటురాయి కావాలి. తెలుగులో విదేశయాత్రాగ్రంథాలపై సాగే పరిశోధన ఈ ప్రశ్నను చేర్చుకుంటే, ఆ రచనల్లో మౌనంగా మిగిలిన మనుషులూ పరిశీలనకు వస్తారు.