రూపం చూడని నామకరణం: లండన్ పొట్లంలోని పుట్టగొడుగులు

2014లో బ్రిన్ డెంటింజర్, లారా సుజ్ 'పీర్‌జె' పత్రికలో ప్రకటించిన వ్యాసం శిలీంధ్ర వర్గీకరణలో విలక్షణమైనది. లండన్‌లో కొన్న ఒక ఎండు పోర్చినీ పొట్లం నుంచి 15 ముక్కలు తీసి వారు డి.ఎన్.ఏ. పరీక్ష జరిపారు. అవి చైనాకు చెందిన మూడు జాతులవని, ఆ మూడింటికీ అప్పటికి శాస్త్రీయ నామం లేదని తేలింది. అంగడిలో ధర పలికే వస్తువుకు శాస్త్రంలో పేరే లేదన్న మాట!

పోర్చినీలను గుర్తించడానికి సంప్రదాయ వర్గీకరణ టోపీ రంగును, దాని అడుగున ఉండే రంధ్రాలను, కాడపై వల వంటి గీతలను, సిద్ధబీజాల కొలతలను చూస్తుంది. ముక్కలుగా కోసి ఎండబెట్టాక వీటిలో చాలా భాగం దక్కదు. పైగా దగ్గరి జాతులు రూపంలో ఒకదానినొకటి పోలి ఉంటాయి. అందుకే పరిశోధకులు ఐ.టి.ఎస్. అనే జన్యుభాగాన్ని ఆశ్రయించారు. 2012లో శిలీంధ్రాలన్నిటికీ గుర్తింపు సంకేతంగా ప్రతిపాదితమైనది ఇదే. ఈ ఎంపికను తప్పుపట్టలేము. అయితే ఐ.టి.ఎస్. భేదాన్ని చూపుతుందే గాని, ఎంత భేదముంటే వేరే జాతి అవుతుందో చెప్పదు. ఆ నిర్ణయం పరిశోధకునిదే.

అసలు లోపం మరొకచోట ఉంది. అడవిలో తాజా పుట్టగొడుగును చేతబట్టుకున్న వ్యక్తి ఈ వ్యాసం ఆధారంగా దానిని పోల్చుకోలేడు. పేర్లు కూడా ఇదే చెబుతున్నాయి. బైనియుగాన్, మెయ్‌వెయ్‌నియుగాన్‌జున్, షియోంగ్ అనేవి చైనీయ పదాలు. వీటిలో 'నియుగాన్' అంటే ఎద్దు కాలేయం. ఈ వర్గపు పుట్టగొడుగులకు అక్కడి వాడుక పేరు. 'మెయ్‌వెయ్' అంటే రుచికరమైనది, 'షియోంగ్' అంటే తినదగినది. స్థానిక భాషను గౌరవించడం హర్షణీయమే. కాని ఈ రెండు విశేషణాలూ వంటింటివి; ఒక జాతిని మరొక జాతి నుంచి వేరుచేయవు. తెలుగులో 'పుట్టగొడుగు' అన్న ఒక్క మాటలో మొలిచే చోటు, ఆకారం రెండూ ఇమిడి ఉండటం ఇక్కడ గుర్తుకు రాక మానదు.

2016లో చైనా పోర్చినీలపై వెలువడిన పరిశీలన రూపాన్నీ, జన్యువునూ కలిపి చూసి ఈ కొరతను చాలావరకు తీర్చింది. అయినా తొలి వ్యాసాన్ని తొందరపాటుగా కొట్టివేయడం న్యాయం కాదు. దాని రచయితలు కనీసం ఎండు ముక్కలనైనా ప్రమాణ నమూనాలుగా భద్రపరిచారు; మరొకరు వాటిని మళ్లీ పరీక్షించవచ్చు. నమూనాతో పని లేకుండా డి.ఎన్.ఏ. క్రమాన్నే ప్రమాణంగా అంగీకరించాలన్న ప్రతిపాదన 2018లో శాన్ హ్వాన్‌లో జరిగిన అంతర్జాతీయ శిలీంధ్రశాస్త్ర మహాసభ ముందుకు వచ్చింది. అది ఆమోదం పొందలేదు.