హాజరు పట్టీలో ఎర్ర సిరా

హాజరు పట్టీలో నేను టిక్కులు పెట్టను, అంకెలు వేస్తాను. మొదటిరోజు వచ్చినవాడికి 1, రెండోరోజు 2, అలా పెంచుకుంటూ పోవడమే. రానిరోజు గడిలో ‘ఏ’ పడుతుంది. మర్నాడు వస్తే అంకె ఆగినచోటి నుంచి మళ్లీ నడుస్తుంది. నెలాఖరున కూడికలతో పనిలేదు. వరసలో చివరి అంకె చూస్తే చాలు, ఎన్ని క్లాసులకు వచ్చాడో తెలిసిపోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ సీనియర్ లెక్చరర్ నేర్పిన పద్ధతి ఇది. అంతా నేర్పాక, లేచి వెళ్తూ ఓ మాట అన్నారు: “టిక్కులైతే ఎవడైనా దిద్దుతాడు. ఇందులో ఒక్కరోజు దిద్దాలంటే ఆ తర్వాత రోజులన్నీ దిద్దాలి.”

దొంగలు దిద్దకుండా ఉండటానికి చెప్పారనుకున్నాను. నా గురించే చెప్పారని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

మా కాలేజీ పాతబస్తీలో ఉంది. శాలిబండ, అలియాబాద్, తలాబ్‌కట్ట, యాకుత్‌పురా, బార్కస్, అన్ని వైపుల నుంచీ పిల్లలొస్తారు. హాజరు పిలిస్తే ఒకడు “ఎస్ సార్” అంటాడు, ఇంకొకడు “హాజిర్” అంటాడు, వెనక బెంచీలో ఒక్కడే రెండు గొంతులతో పలుకుతాడు. ప్రాక్సీని పట్టుకోవడం కూడా ఓ విద్యే. తల వంచుకుని నంబర్లు చదువుకుంటూ పోతే ఎప్పటికీ దొరకదు. పేరు పిలవాలి, తలెత్తి మొహం చూడాలి, అప్పుడు గడిలో అంకె వేయాలి. అరవైమందికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాలు దండగని చాలామంది అనుకుంటారు. ఎవడి కళ్లు ఎర్రగా ఉన్నాయో, ఎవడు వారంగా నవ్వడం లేదో నాకు తెలిసేది అప్పుడే.

కాలేజీలో క్రమశిక్షణ అనగానే బయటివాళ్లకు గేటు, ఐడీ కార్డు, సెల్‌ఫోను గుర్తొస్తాయి. లోపలున్న మాకు గుర్తొచ్చేది 75. హాజరు అంత శాతం లేకపోతే పరీక్ష చిక్కులో పడుతుంది. స్కాలర్‌షిప్పు, ఫీజు రీయింబర్స్‌మెంటూ దానికే ముడిపడి ఉన్నాయి. 65కీ 75కీ మధ్య ఆగిపోయినవాళ్లకు కండొనేషన్ అనే సందు ఒకటుంది. డాక్టర్ సర్టిఫికెట్ పెట్టి, రుసుము కట్టి అందులోంచి బయటపడాలి. అంటే జబ్బుపడ్డవాడికి దారుంది, పనికెళ్లినవాడికి లేదు. రాత్రంతా కొట్లో నిలబడ్డ కుర్రాడు నిజం చెబితే దొరికిపోతాడు, జ్వరమొచ్చిందని కాగితం తెస్తే గట్టెక్కుతాడు. ఈ సంగతి మా అందరికీ తెలుసు. తెలిసీ ఆ కాగితాలు తీసుకుని ఫైలులో పెడుతుంటాం.

కొన్నేళ్ల కిందటి రంజాన్ నెల. రోల్ నంబరు 27 స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇంట్లోవాళ్లంతా లాడ్‌బజార్‌కు లక్కగాజులు చేసి ఇస్తారు. పండగ గిరాకీ. తెల్లవారుజాము దాకా పని. వేడి మీద లక్క మెత్తగా ఉన్నప్పుడే రాళ్లు ఒక్కొక్కటే పొదగాలి, చల్లారితే రాయి నిలవదు. అందుకని మధ్యలో లేవడానికుండదు. చెయ్యి చాపి చూపించాడు. బొటనవేలు, చూపుడువేలు కొసలు కాలి గట్టిపడి ఉన్నాయి. మొదటి పీరియడ్‌కు రాలేనన్నాడు. అబద్ధం చెప్పే పిల్లాడు కాదు. “సరే, నేను చూసుకుంటాలే” అన్నాను.

తొమ్మిది రోజులు, రాని పిల్లాడికి అంకె వేశాను. చాలా మంచిపని చేస్తున్నానని లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

కొన్నాళ్లకు రోల్ నంబరు 31 వచ్చాడు. ఎప్పుడూ నోరెత్తని పిల్లాడు. మొదటి బెంచీలో కూర్చుని అప్పుడప్పుడు తూగేవాడు, నేను చాక్‌పీసుతో బల్ల మీద కొడితే ఉలిక్కిపడి లేచేవాడు. గొంతు పెంచకుండానే అడిగాడు: “సార్, నేను కూడా రాత్రి రెండింటి దాంక పత్తర్‌గట్టీల బట్టల దుకాణంల పనిచేస్తున్న. వాడు అడిగిండు, నేను అడగలే. గంతే గదా తేడా?”

జవాబు లేకపోయింది. మొదట తోచింది ఏమిటంటే, వీడికీ కొన్ని అంకెలు వేసేస్తే పోలా అని. వెంటనే ఇంకోటి తోచింది. వీడు అడిగాడు సరే, అడగని ఇంకో పదిమంది మాటేమిటి? చెప్పుకోవడం చేతనైనవాడికి దయ, చేతకానివాడికి రూలు! నేను నడిపిన క్రమశిక్షణ ఇదన్నమాట. పైగా ఆ పిల్లాడు తూగుతుంటే బల్ల మీద కొట్టి లేపింది కూడా నేనే.

ఆ రాత్రి ఇంట్లో పట్టీ తెరిచాను. సీనియర్ చెప్పినట్టే అయింది. తొమ్మిది దొంగ అంకెలు కొట్టేస్తే సరిపోలేదు. ఆ తర్వాత 27 నిజంగా వచ్చిన రోజుల అంకెలూ తప్పే అయ్యాయి. ఒక్కొక్క గడీ ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన సరైన అంకె వేసి, పొట్టి సంతకం పెట్టాలి. పొద్దున్నే ప్రిన్సిపాల్ బల్ల మీద ఆ పేజీ పెట్టి జరిగింది చెప్పాను. ఆయన తిట్టలేదు. “ఇప్పుడు వీడికి 71 వచ్చింది. ఏం చేద్దాం?” అన్నారు.

ఏం చేయాలో మా కళ్లముందే ఉంది. రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు సాయంత్రం నాలుగింటికే ఇంటికి వెళ్లొచ్చని ప్రభుత్వం ఏటా ఉత్తర్వు ఇస్తుంది. మా స్టాఫ్‌రూమ్‌లో కొందరు నాలుగింటికి లేచి వెళ్తారు, మిగిలినవాళ్లం అయిదు దాకా ఉంటాం. ఎవరికీ కష్టం అనిపించదు. ఎందుకంటే అది చాటుగా ఇచ్చిన పర్మిషన్ కాదు. కాగితం మీద ఉంది, గోడకు అంటించి ఉంది, ఎవరికి, ఎప్పటిదాకా, ఎందుకు అన్నది అందులోనే రాసి ఉంది. నేను 27కి ఇచ్చిన సడలింపును గోడకు అంటించగలనా అని నన్ను నేను అడిగి ఉంటే, మొదటిరోజే చేతిలో పెన్ను ఆగేది.

నోటీసు పెట్టాం. పండగ తర్వాత నాలుగు వారాలు, మధ్యాహ్నం మూడింటికి అదనపు క్లాసు. హాజరు తగ్గినవాళ్లు ఎవరైనా రావచ్చు, కారణం చెప్పనక్కర్లేదు, వచ్చిన క్లాసు వచ్చినట్టే లెక్క. అయిదారుగురు వస్తారనుకున్నాను. 19 మంది వచ్చారు. వాళ్లలో సగంమంది పనికి వెళ్తున్నారని అంతవరకూ నాకు తెలియదు. రోజూ వాళ్ల మొహాలు చూసి హాజరు వేస్తానని గొప్పలు చెప్పుకున్నవాణ్ణి. 27 నెలరోజులు నాతో మాట్లాడలేదు. కానీ మూడింటికి మాత్రం తప్పకుండా వచ్చి కూర్చునేవాడు. 75 దాటాడు. మధ్యాహ్నం ఎండలో వాడూ తూగేవాడు, 31 కూడా తూగేవాడు. బల్ల మీద కొట్టడం మానేశాను.

మూసీ ఒడ్డున హైకోర్టు పక్కన సిటీ కాలేజీ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది. విన్సెంట్ ఈష్ గీసిన భవనం, కవి మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ పాఠం చెప్పిన చోటు. 1952 సెప్టెంబరు 3, 4 తేదీల్లో ఆ పరిసరాల్లో విద్యార్థుల మీద పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. తర్వాత జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపారు. ఆ పిల్లలను క్రమశిక్షణ లేనివాళ్లన్నవాళ్లు ఉన్నారు. వాళ్లు అడిగిందేమిటి? ముల్కీ నిబంధనలు అమలు చేయమని. పదిహేనేళ్లు ఇక్కడ ఉన్నవాళ్లకే ఉద్యోగాలన్న రూలు పుస్తకంలో ఉంది, దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో బయటివాళ్లు ఆ ఉద్యోగాల్లో చేరిపోతున్నారు. రూలు వద్దని వాళ్లు వీధిలోకి రాలేదు. ఉన్న రూలును చాటుగా దిద్దుతున్నారన్నదే వాళ్ల కోపం. కొలతలో పోలికే లేదు గానీ, 31 నన్ను అడిగింది కూడా అదే.

దీనికి తిరగేసిన కథ 1938లో జరిగింది. ఉస్మానియా హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరం పాడితే కూడదన్నారు. పాడతామన్నవాళ్లను పంపేశారు. వందలమంది చదువు ఆగింది. నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపు తీసింది. తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు కూడా అలా నాగపూర్ దారి పట్టినవాళ్లలో ఒకరు. ఆ నిషేధం చాటుగా పెట్టింది కాదు, బాహాటంగానే పెట్టారు. కానీ ఎందుకు అని అడిగితే ఆ పిల్లలు ఒప్పుకోగల కారణం ఒక్కటీ చెప్పలేకపోయారు. గోడకు అంటించగలిగితే చాలదు, కింద నిలబడి చదివేవాడు అడిగినదానికి జవాబు కూడా చెప్పగలగాలి.

ఆ రెండు పరీక్షలూ నెగ్గే రూలు మా కాలేజీలో ఒకటుంది. ర్యాగింగ్ కూడదన్నది. 1997 నాటి చట్టం ప్రకారం ఎగతాళి చేసి అవమానిస్తే ఆరు నెలల దాకా జైలు, ప్రాణం పోతే పదేళ్ల దాకా. కొత్తగా చేరినవాడూ వాడి తల్లిదండ్రులూ హామీపత్రం మీద సంతకం పెట్టాల్సిందే. “సరదాకి సార్, మమ్మల్నీ మా సీనియర్లు ఇట్లనే చేసిన్రు” అంటూ ఏటా ఒకరిద్దరు వస్తారు. వాళ్ల గోడు వింటాను, టీ కూడా తెప్పిస్తాను. కానీ ఈ రూలులో వెసులుబాటు ఉండదు. ఎందుకని అడిగితే, గుంజీలు తీసిన పిల్లాణ్ణి పక్కన నిలబెట్టి వాడి ముందే చెప్పగలను.

ఇప్పుడు వేలిముద్ర యంత్రాలు వచ్చాయి, మొహం గుర్తుపట్టే యాప్‌లు వచ్చాయి. ప్రాక్సీ బెడద తగ్గింది, నాలాంటివాడు జాలిపడి అంకె వేసే వీలూ తగ్గింది. మంచిదే. అయినా పాత పట్టీ ఒకటి నా బీరువాలో దాచుకున్నాను. కొత్తగా చేరిన లెక్చరర్లు “పిల్లల్ని ఎట్లా దారిలో పెట్టాలి సార్?” అని అడిగితే ఆ పేజీ తీసి చూపిస్తాను. 27వ వరస ఓ చోట నుంచి చివరిదాకా ఎర్రగా ఉంటుంది. ఏం తప్పు చేశాడు సార్ వీడు అని అడుగుతారు. కొట్టేసిన ప్రతి అంకె పక్కనా ఉన్న పొట్టి సంతకం ఎవరిదో చూడమంటాను.