కరెంటు పోతే చెరిగిపోయే సాక్ష్యం

భూపాలపల్లిలో ఒక కేసులో కంప్యూటర్‌ను స్వాధీనం చేసుకున్నారనుకుందాం. హార్డ్ డిస్క్‌ను విప్పి, సీలు వేసి, రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఉన్న ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపొచ్చు. వారం ఆలస్యమైనా అందులో ఉన్నది అందులోనే ఉంటుంది. ర్యామ్ అలా కాదు. ఆ క్షణాన నడుస్తున్న ప్రోగ్రాములు, తెరిచి ఉన్న నెట్‌వర్క్ కనెక్షన్లు, డిస్క్ తాళం తీసే కీలు, డిస్క్ మీద జాడే వదలని మాల్‌వేర్ దొరికేది అక్కడే. ప్లగ్గు పీకితే సెకన్లలో పోతాయి. చిప్పును బాగా చల్లబరిస్తే నిమిషాలపాటు నిలుస్తాయని 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు చూపించారు. ఆ నిమిషాల్లో బండి పరకాల కూడా చేరదు.

అందుకే ర్యామ్ నుంచి సాక్ష్యం తీసే విద్య తెలిసినవాళ్లు హైదరాబాద్‌లో ఉంటే చాలదు. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడివడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలోనే ఉండాలి.

ఇందులో ఒక సంప్రదాయం ఇప్పటికే స్థిరపడింది. ముందు చెరిగిపోయేదాన్ని ముందు సేకరించాలన్న క్రమాన్ని 2002లో ఆర్‌ఎఫ్‌సీ 3227 అనే ఇంటర్నెట్ మార్గదర్శక పత్రం రాతలో పెట్టింది. 2005లో డీఎఫ్‌ఆర్‌డబ్ల్యూఎస్ అనే డిజిటల్ ఫోరెన్సిక్స్ పరిశోధన సదస్సు మెమరీ విశ్లేషణనే పోటీ అంశంగా ఇచ్చింది. 2007లో మెమరీని విశ్లేషించే వాలటిలిటీ బయటికొచ్చింది. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా దింపుకోగల ఈ సాధనమే ఇవాళ ఈ రంగంలో చాలామందికి తొలి గురువు.

దీన్ని నేర్పడానికి వర్చువల్ మెషిన్‌ను, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో కంప్యూటర్‌ను, మించిన బల్ల లేదు. మామూలు కంప్యూటర్‌లో ర్యామ్‌ను కాపీ చేసే ప్రోగ్రామ్ కూడా ఆ ర్యామ్‌లోనే నడవాలి. కాపీ సాగుతుండగానే లోపలి సరుకు మారుతుంటుంది. వర్చువల్ మెషిన్‌నైతే ఉన్నపళంగా ఆపేసి, లోపల వేలు పెట్టకుండా బయటి నుంచే మెమరీ మొత్తం తీసుకోవచ్చు. వర్చువల్‌బాక్స్‌లో అందుకో ఆదేశం ఉంది. వీఎంవేర్‌లో సస్పెండ్ చేస్తే వీమెమ్ ఫైల్ చేతికొస్తుంది.

ఇలాంటి జిల్లా ఊళ్లలో వర్క్‌షాప్ నడపాలంటే సగం పని ముందురోజే ఇంట్లో పూర్తికావాలి. విద్యార్థి ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే గొప్ప. కాబట్టి పరిశోధనకు వాడే ఉబుంటు మెషిన్‌కు 4 జీబీ, రెండు ప్రాసెసర్లు చాలు. సాక్ష్యం తీయాల్సిన విండోస్ మెషిన్‌కు 2 జీబీయే ఇవ్వండి. ఎందుకంటే సరిగ్గా 4 జీబీ మెమరీ నకలు ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు. పెన్‌డ్రైవ్‌ను ముందే ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకోవడం ఇంకా మేలు. మెషిన్ మొదలే కాకపోతే చాలాసార్లు బయోస్‌లో వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉండటమే కారణం.

అసలు చిక్కు ఇంటర్నెట్ దగ్గర వస్తుంది. వాలటిలిటీ 3కు విండోస్ కెర్నల్ ఏ వెర్షనో సరిగ్గా దానికి సరిపోయే సింబల్ పట్టికలు కావాలి. లేకపోతే మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి దింపుకోబోతుంది. ముప్పైమంది ఒకే హాట్‌స్పాట్ మీద ఆ పని మొదలుపెడితే ఉదయమంతా అక్కడే పోతుంది. వర్క్‌షాప్‌లో వాడబోయే ప్రతి నకలు మీదా ఇంట్లోనే ఒకసారి వాలటిలిటీని నడిపితే పట్టికలు మెషిన్‌లోనే నిలిచిపోతాయి. ఆ తర్వాత నెట్‌వర్క్ తీసేసి, క్లిప్‌బోర్డ్ పంచుకోవడం ఆపి, షేర్డ్ ఫోల్డర్‌ను చదవడానికి మాత్రమే పరిమితం చేసి, ఓవీఏగా, అంటే మెషిన్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా, ఎగుమతి చేయాలి. ఎగుమతిలో స్నాప్‌షాట్‌లు వెంట రావు గనక విద్యార్థి ల్యాప్‌టాప్‌లోకి దాన్ని దిగుమతి చేసుకున్నాక స్నాప్‌షాట్ తీయించాలి. నకలులో నిజమైన మాల్‌వేర్ ఉండొచ్చు గనక ఈ జాగ్రత్తల్లో ఏదీ వదలకూడదు. విద్యార్థి ఏం చెడగొట్టినా స్నాప్‌షాట్‌తో నిమిషంలో వెనక్కి రావచ్చు. భయం లేకుండా ప్రయోగాలు చేసే ఆ స్వేచ్ఛ కోసమే ఇంత ఏర్పాటు.

ఇక పాఠం. పీఎస్‌లిస్ట్ అనే ప్లగిన్ విండోస్ తానే రాసుకున్న ప్రాసెస్‌ల గొలుసును చదువుతుంది. పీఎస్‌స్కాన్ ఆ గొలుసును నమ్మదు; ప్రాసెస్ ఆనవాళ్ల కోసం మెమరీ అంతా గాలిస్తుంది. ఒకటి హాజరుపట్టీ చూడటం, రెండోది గదిలోకి వెళ్లి తలలు లెక్కపెట్టడం. రెండో జాబితాలో ఉండి మొదటిదాంట్లో లేని పేరు కనిపిస్తే ఆగి చూడాలి: ముగిసిపోయిన ప్రాసెస్ కావచ్చు, కావాలని దాచిందీ కావచ్చు. తర్వాత పీఎస్‌ట్రీ చూస్తే ఎవరు ఎవరిని పుట్టించారో తెలుస్తుంది. ఎస్‌వీసీహోస్ట్ పేరుతో ఉన్న ప్రాసెస్‌కు సర్వీసెస్ కాకుండా వర్డ్ తల్లిగా కనిపిస్తే అనుమానించక తప్పదు. ఏది మామూలో తెలిస్తేనే ఏది వింతో పట్టుబడుతుంది. కాబట్టి మొదటి గంట జబ్బులేని మెషిన్ నకలు మీదే గడపమంటాను.

నకలు ఏమాత్రం మారినా పట్టిచ్చే వేలిముద్ర లాంటి హ్యాష్ సంగతిని మాత్రం చివరి పది నిమిషాలకు నెట్టకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువ, దాన్ని లెక్కించిన పద్ధతి రాయాలి. నకలు చేతికి రాగానే ఎస్‌హెచ్‌ఏ256 లెక్కించి నోటుబుక్కులో సమయంతో సహా రాయించండి. సాయంత్రం మళ్లీ లెక్కించమనండి. రెండూ అక్షరం తేడా లేకుండా కలిస్తేనే రిపోర్టు మొదలుపెట్టనివ్వండి.